రెండు ఆఖరి పేజీలు

నెల్లూరు మీదుగా చెన్నై వెళ్లే రైలు ఎన్నూరు దాటి తిరువొత్తియూరు చేరేలోపు విమ్‌కో నగర్ అని ఒక చిన్న స్టేషను వస్తుంది. ఎక్స్‌ప్రెస్ బండ్లు అక్కడ ఆగవు. బోర్డు చదివేలోపే వెనక్కి పోతుంది. విమ్‌కో అంటే వెస్టర్న్ ఇండియా మ్యాచ్ కంపెనీ. 1923లో స్వీడన్ అగ్గిపెట్టెల కంపెనీ మన దేశంలో పెట్టుకున్న సంస్థ. మా ఇంట్లో పొయ్యి పక్క గూట్లో ఉండే ఓడ బొమ్మ అగ్గిపెట్టె వాళ్లదే. ఆ స్వీడన్ కంపెనీకి అధిపతి ఈవార్ క్రూగర్. లోకం ఆయన్ని అగ్గిపుల్లల రాజు అనేది. ఆయన అలా చచ్చిపోకపోతే నేనిప్పుడు చెప్పబోయే నాటకం పుట్టేదే కాదు.

క్రూగర్ వ్యాపారం వినడానికి తమాషాగా ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక యూరప్‌లో ప్రభుత్వాలు అప్పు ఎక్కడ పుడుతుందా అని చూస్తున్నాయి. క్రూగర్ అప్పిచ్చేవాడు. బదులుగా, మీ దేశంలో అగ్గిపెట్టెల వ్యాపారం మొత్తం నా చేతికివ్వండి అనేవాడు. 1927లో ఫ్రాన్సుకి 7.5 కోట్ల డాలర్లు, 1929లో జర్మనీకి 12.5 కోట్ల డాలర్లు అలా ఇచ్చాడు. ఆ డబ్బు చాలావరకు అమెరికాలో బాండ్లు, వాటాలు అమ్మి తెచ్చింది. పాతవాళ్లకి పంచే లాభం కొత్తవాళ్లు పెట్టే సొమ్ములోంచే. వాల్‌స్ట్రీట్ కూలాక కొత్తవాళ్లు రావడం మానేశారు. 1932 మార్చి 12న ప్యారిస్‌లో తన ఫ్లాటులో, మంచం మీద, గుండెలో తూటాతో క్రూగర్ శవం దొరికింది. తర్వాత లెక్కలు తీస్తే ఇటలీ ప్రభుత్వం పేరిట అచ్చేయించిన దొంగ బాండ్లు బయటపడ్డాయి. నిన్నటిదాకా ఆయన్ని ఆకాశానికెత్తిన పత్రికలు మర్నాటి నుంచి తిట్టడం మొదలుపెట్టాయి.

ఆ తిట్లని శ్రద్ధగా చదివినవాళ్లలో హాలీవుడ్‌లో ఉంటున్న ఒక రష్యన్ అమ్మాయి ఉంది. పేరు అయన్ రాండ్. 1905లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టింది. తండ్రి మందుల షాపుని బోల్షివిక్కులు స్వాధీనం చేసుకున్నారు. 1926లో అమెరికా చేరింది. ఆర్‌కేవో స్టూడియోలో దుస్తుల విభాగంలో పనిచేస్తూ రాత్రిళ్లు రాసుకునేది. లోకం క్రూగర్‌ని తిడుతున్నది మోసం చేసినందుకు కాదు, అంత ఎత్తుకి ఎగబాకాలని కోరుకున్నందుకు అని ఆవిడకి అనిపించింది. ఆవిడ సిద్ధాంతాలతో నాకు పేచీ ఉంది. ఆవిడ లావుపాటి నవలలు చదవడానికి మా జూనియర్లకున్నంత ఓపిక కూడా నాకు లేదు. కానీ 1933లో రాసిన ఈ నాటకం దగ్గర మాత్రం టోపీ తియ్యాల్సిందే. తెనాలి కోర్టులో ముద్దాయిల తరఫున నిలబడటం నా బతుకుతెరువు, పరిషత్తు నాటకాల్లో వేషం కట్టడం నా జబ్బు. రెండింటినీ ఒకే చోట చూపించిన నాటకం నాకింకోటి దొరకలేదు.

అప్పటికి బ్రాడ్‌వేలో కోర్టు నాటకాలకి మంచి గిరాకీ. బేయార్డ్ వీలర్ రాసిన ‘మేరీ డుగన్ విచారణ’ 1927లో విపరీతంగా ఆడింది. అందులో కథంతా కోర్టు హాల్లోనే. రాండ్ దాన్ని చూసి ఒక అడుగు ముందుకెళ్లింది. నాటకంలో తీర్పు ముందే రాసిపెట్టి ఉండటం ఎందుకు? జ్యూరీని టిక్కెట్టు కొన్న జనంలోంచే పిలుద్దాం, వాళ్లేం చెబితే అదే ముగింపు అనుకుంది. పన్నెండు మంది స్టేజీ మీద కుర్చీల్లో కూర్చుంటారు. దోషి అంటే ఒక ఆఖరి పేజీ, నిర్దోషి అంటే ఇంకో ఆఖరి పేజీ. నటులు రెండూ బట్టీపట్టి ఉండాలి.

కథ క్లుప్తంగా ఇదీ. స్వీడన్ నుంచి వచ్చిన కోటీశ్వరుడు బ్యోర్న్ ఫాక్నర్ న్యూయార్కులో ఆకాశహర్మ్యం పైఅంతస్తు నుంచి జనవరి 16 రాత్రి కింద పడి చచ్చిపోయాడు. తోసింది అతని సెక్రటరీ, ప్రియురాలు కేరెన్ ఆండ్రే అని కేసు. ఫాక్నర్ ఆమెని వదిలేసి ఒక బ్యాంకరు కూతుర్ని, నాన్సీ లీని, పెళ్లి చేసుకున్నాడు. అసూయతో చంపిందంటాడు ప్రాసిక్యూటర్ ఫ్లింట్. కింద పడ్డది ఫాక్నర్ కాదు, ముందే చచ్చిన ఒక ముఠావాడి శవం, ఫాక్నర్ తన చావు నాటకమాడి డబ్బుతో దక్షిణ అమెరికా పారిపోవాలనుకున్నాడు అంటుంది డిఫెన్సు. పనిమనిషి, డిటెక్టివు, చేతిరాత నిపుణురాలు, గూండా ఒక్కొక్కరే బోనెక్కుతారు. ఒక సాక్షి కట్టిన గోడని ఇంకో సాక్షి వచ్చి పడగొడుతుంటాడు. ఏ గోడా పూర్తిగా కూలదు.

ఇక్కడే రాండ్ పనితనం. రెండు వైపులా ఆధారాల్ని తక్కెట్లో పెట్టి, ముల్లు నడిమధ్యన నిలిచేట్టు తూచింది. సాక్ష్యం సమానంగా ఉంటే జ్యూరీ మనిషి దేన్నిబట్టి ఓటేస్తాడు? కేరెన్ ఎవరికీ తలవంచని మనిషి. ఫాక్నర్‌తో పెళ్లి కాకుండానే ఉన్నానని కోర్టులో నిబ్బరంగా చెబుతుంది. ఏడవదు. క్షమాపణ అడగదు. అటువైపు నాన్సీ లీ నల్లబట్టల్లో, వెతుక్కున్నా వేలు పెట్టడానికి తప్పు దొరకని భార్య. కాబట్టి ఓటు పడేది వేలిముద్రల మీద కాదు, ఏ రకం మనిషిని నువ్వు నమ్ముతావు అన్నదాని మీద. రాండ్ కోరుకున్నది సరిగ్గా ఇదే.

అయితే ప్లీడరు బుర్రకి ఒక చిక్కు తగులుతుంది. ఆధారాలు నిజంగా సమానంగా ఉంటే చట్టం ప్రకారం ఆ నాటకానికి రెండు ముగింపులు లేవు. ఒకటే ఉంది. సందేహానికి తావుంటే ముద్దాయి ఇంటికి పోవాలి. అమెరికాలోనైనా, మన గుంటూరు సెషన్స్ కోర్టులోనైనా అదే సూత్రం. ముల్లు మధ్యలో ఉన్నంతవరకు కేసు రుజువైనట్టు కాదు. అంటే ఆ స్టేజీ మీద ‘దోషి’ అన్న ప్రతి జ్యూరీ ఆ సూత్రాన్ని పక్కన పెట్టి, కేరెన్ నచ్చక శిక్షించిందన్నమాట. రాండ్ ఈ మాట ఇలా ఒప్పుకునేది కాదేమో గానీ, నా లెక్కలో ఈ నాటకం బయటపెట్టే అసలు గుట్టు ఇదే. సందేహ లాభం అనేది పుస్తకంలో చదువుకోవడానికి ఎంత తేలికో, ఎదురుగా పొగరుబోతు ముద్దాయి కూర్చుని ఉంటే ఇవ్వడానికి అంత కష్టం. మా సీనియరు గారు ముద్దాయిల్ని వాయిదాకి తెల్ల చొక్కా వేసుకుని, చేతులు ముందుకి కట్టుకుని రమ్మనేవారు. ‘సాక్ష్యం సంగతి నేను చూసుకుంటాను, నువ్వు ముందు నీ మొహం సంగతి చూసుకో’ అని ఆయన మాట.

ఈ సందేహ లాభం సూత్రం నాటకాల్లోకి ఎక్కి ఎంత కాలమైందో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. క్రీ.పూ. 458లో ఏథెన్స్‌లో ఈస్కిలస్ ‘యూమెనిడీస్’ అనే నాటకం ఆడించాడు. తల్లిని చంపిన ఒరెస్టీస్ ముద్దాయి. పగ దేవతలు ప్రాసిక్యూషను, అపోలో డిఫెన్సు. ఎథీనా దేవత తానొక్కతే తీర్పు చెప్పనని ఊళ్లోని పౌరుల్ని పిలిచి జ్యూరీగా కూర్చోబెడుతుంది. ఓట్లు లెక్కపెట్టే ముందే ఒక మాట చెబుతుంది: ఓట్లు సమానంగా వస్తే ముద్దాయి విడుదలే. ఓట్లు సమానంగానే వస్తాయి. ఒరెస్టీస్ బయటపడతాడు. చూస్తున్న జనం కూడా ఏథెన్స్ పౌరులే, వాళ్లలో చాలామంది నిజం కోర్టుల్లో కూర్చుని వచ్చినవాళ్లే. అయినా తీర్పు మాత్రం వాళ్ల చేతికివ్వలేదు కవి.

ఆ ఊళ్లో జ్యూరీ పిచ్చి ఎంతదాకా ముదిరిందో అరిస్టాఫనీస్ క్రీ.పూ. 422లో ‘కందిరీగలు’ అనే ప్రహసనంలో చూపించాడు. జ్యూరీలో కూర్చుంటే రోజుకి మూడు ఓబోళ్లు కూలి. ఫిలోక్లియోన్ అనే ముసలాయనకి కోర్టుకి పోయి ఎవరో ఒకరికి శిక్ష వెయ్యకపోతే నిద్ర పట్టదు. కొడుకు ఇంట్లోంచి కదలనివ్వడు. తండ్రి బాధ చూడలేక ఇంట్లోనే కోర్టు పెడతాడు. జున్ను దొంగతనం చేసిన కుక్క ముద్దాయి. ఇంకో కుక్క ప్రాసిక్యూటరు. వంటింటి సామాను డిఫెన్సు సాక్షులు. కుక్కపిల్లల్ని తీసుకొచ్చి తమ తండ్రి మీద జాలి చూపించమని ఏడిపిస్తారు. ముసలాయన శిక్ష వేద్దామనే వెళ్తాడు గానీ, కొడుకు ఓటు కుండలు తారుమారు చేసి ఆయన చేతే విడుదల చేయిస్తాడు. తెలిశాక ఆయన మూర్ఛపోతాడు. మెజిస్ట్రేట్ కోర్టుల్లో పిల్లల్ని చంకనేసుకొచ్చి మెట్ల మీద కూర్చునే ఆడవాళ్లని చూసినవాళ్లకి ఈ రంగం నిన్నో మొన్నో రాసినట్టుంటుంది.

ఇక రాండ్ నాటకం ఊరేగింపు. 1934 అక్టోబరులో హాలీవుడ్ ప్లేహౌస్‌లో ‘బోనులో ఆడది’ అనదగ్గ పేరుతో మొదట ఆడింది. తర్వాత ఏ.హెచ్. వుడ్స్ అనే బ్రాడ్‌వే నిర్మాత తీసుకున్నాడు. మెలోడ్రామాలు తీసి గడించి, 1929 దెబ్బకి పోగొట్టుకున్న మనిషి. పేరు ‘జనవరి 16 రాత్రి’ అని మార్చాడు. 1935 సెప్టెంబరు 16న అంబాసిడర్ థియేటరులో తెర లేచింది. కేరెన్‌గా డోరిస్ నోలన్, గూండా రీగన్‌గా తర్వాత పెద్ద సినిమా నటుడైన వాల్టర్ పిడ్జెన్.

వుడ్స్‌కి కావలసింది సిద్ధాంతం కాదు, బాక్సాఫీసు. స్క్రిప్టు రిపేరు చెయ్యడానికి ఇంకో రచయితని పెట్టి, ఆ ఖర్చు రాండ్ రాయల్టీలోంచి కోశాడు. ఆవిడ ఊరుకోలేదు, మధ్యవర్తుల ముందుకి లాగి గెలిచింది. కోర్టు నాటకం రాసిన మనిషి నిర్మాత మీద తగాదా గెలవడం నాకు నాటకం కన్నా ఎక్కువ నచ్చిన ఘట్టం. అయినా స్టేజీ మీద ఆడింది చూసి ఇది నా బిడ్డ కాదంది. తను రాసిన పాఠాన్ని 1968లో గానీ అచ్చులో చూసుకోలేదు.

జనానికి ఆ గొడవ పట్టలేదు. వాళ్లకి పట్టింది జ్యూరీ. క్లర్కు పేరు పిలుస్తాడు, పక్క సీట్లో మనిషి లేచి కోటు సర్దుకుని మెట్లెక్కి వెళ్లి లైట్ల కింద కూర్చుంటాడు. నిజం కోర్టులో లాగే 3 డాలర్ల భత్యం. ఇంత మంచి ప్రచారాన్ని వుడ్స్ వదులుతాడా? మొదటి రాత్రి జ్యూరీలో మాజీ ప్రపంచ బాక్సింగ్ చాంపియన్ జాక్ డెంప్సీని కూర్చోబెట్టాడు. అంధుల కోసం వేసిన ఒక ప్రత్యేక ప్రదర్శనలో జ్యూరీకి పెద్దగా కూర్చున్నది హెలెన్ కెల్లర్.

ఈ చివరి సంగతి దగ్గర కాస్త ఆగాలి. న్యూయార్కు రాష్ట్రంలో ఆడవాళ్లకి జ్యూరీలో కూర్చునే హక్కు వచ్చింది 1937లో. అంబాసిడర్ థియేటరులో ఆ నాటకం ముగిసింది 1936 ఏప్రిల్లో. అంటే అదే ఊరి కోర్టు గుమ్మం లోపల హెలెన్ కెల్లర్‌కి, ఆ మాటకొస్తే నాటకం రాసిన రాండ్‌కి కూడా, జ్యూరీ కుర్చీలో చోటు లేని కాలంలో థియేటరు ఆ కుర్చీ వేసింది. పైగా అందులో ముద్దాయి ఆడది. మగవాళ్లే కూర్చున్న జ్యూరీ కేరెన్ లాంటి ఆడమనిషిని చూసే చూపు వేరు, ఆడవాళ్లు కలిసిన జ్యూరీ చూపు వేరు. వుడ్స్ ఇదంతా ఆలోచించి చేశాడని నేననను. టిక్కెట్లు అమ్ముడుపోతే చాలనుకుని చేశాడు. కొన్ని మంచి పనులు అలాగే జరుగుతాయి.

బ్రాడ్‌వేలో దాదాపు ఏడు నెలలు ఆడాక ఆ నాటకం చిన్న ఊళ్లకి, బడులకి, కాలేజీలకి పాకింది. 1936లో నతానియేల్ రీడ్ అనే ఆయన ఔత్సాహిక సమాజాల కోసం దాన్ని కత్తిరించి, బూతులవీ తీసేసి అచ్చేయించాడు. అమెరికన్ బడిపిల్లలు తరాల పాటు ఆడింది ఆ కత్తిరింపునే. అందులో ఒక తమాషా ఉంది. జ్యూరీ దోషి అన్నా, నిర్దోషి అన్నా, జడ్జి వాళ్లని చెడామడా దులిపేస్తాడు: మీకు బుద్ధి లేదు, ఇకముందు మీరెవ్వరూ జ్యూరీలో కూర్చోవడానికి పనికిరారు అని. రాండ్ పాఠంలో అలా లేదు. విడుదలైతే కేరెన్ కృతజ్ఞత చెబుతుంది. శిక్ష పడితే, ప్రాణం తీసుకునే శ్రమ నాకు తప్పించారు అంటుంది. రీడ్ గారి జడ్జి మాత్రం రెండు పేజీల్నీ చించి ఒకే పేజీ చేశాడు. నవ్వొచ్చే మాటే గానీ, కింది కోర్టుల్లో జడ్జీల ముఖాలు చూసినవాడిగా ఆ పాత్ర నాకు పూర్తిగా నమ్మశక్యంగా ఉంది.

రాండ్ ప్రేరణ మేరీ డుగన్ అని చెప్పాను. అది ఆవిడ వాంగ్మూలం. నా అనుమానం మాత్రం ఇంకోవైపు పోతుంది. ఆవిడ పెట్రోగ్రాడ్‌లో చదువుకుంటున్న రోజుల్లో సోవియట్ క్లబ్బుల్లో, కార్ఖానాల్లో, సైనిక శిబిరాల్లో ఉత్తుత్తి విచారణలు జోరుగా సాగేవి. విప్లవ ప్రచారం కోసం, ఆరోగ్య ప్రచారం కోసం. నిరక్షరాస్యుడి మీద విచారణ, దోమ మీద విచారణ. 1922లో అచ్చయిన ఒకదాంట్లో ఎర్ర సైనికుడికి సిఫిలిస్ అంటించిందని ఒక వేశ్య బోనెక్కుతుంది. డాక్టరు సాక్షిగా వచ్చి జబ్బు గురించి పాఠం చెబుతాడు. హాల్లో జనం తీర్పులో పాలుపంచుకుంటారు. కొన్నిచోట్ల ఇది నాటకమని ముందుగా చెప్పేవారు కాదు, జనం నిజం కేసనే నమ్మేవాళ్లు. మొదట్లో ముద్దాయిల మీద జాలి ఉండేది, వేశ్యని శిక్షించడం కన్నా వైద్యం చేయించమనేవారు. ఏళ్లు గడిచేకొద్దీ జాలి తగ్గింది. కల్పిత ముద్దాయిల బదులు కార్ఖానాలో తాగొచ్చిన నిజం మనిషినే పేరు పెట్టి నిలబెట్టడం మొదలైంది. 1928లో షాఖ్తీ గనుల ఇంజనీర్ల కేసు మాస్కోలో యూనియన్ల భవనం స్తంభాల హాల్లో జరిగింది. 53 మంది ముద్దాయిలు, కెమెరాలు, బ్యాచీలుగా వచ్చి చూసిపోయే జనం. ఐదుగురిని నిజంగానే కాల్చేశారు. జనం చేత తీర్పు చెప్పిస్తానన్న స్టేజీ, జనం చేత చప్పట్లు మాత్రమే కొట్టించుకునే కోర్టుగా మారడానికి పదేళ్లు కూడా పట్టలేదు. ఆ దేశం నుంచి పారిపోయొచ్చిన మనిషి, చివరి పేజీని నిజంగా ఖాళీగా వదిలిన నాటకం రాయడం నాకు కాకతాళీయంగా అనిపించదు.

మన దేశంలో జ్యూరీ కథ వేరే రకం నాటకం. బ్రిటిషు వాళ్ల కాలంలో కొన్ని జిల్లాల్లో, కొన్ని నేరాలకే జ్యూరీ. మిగతాచోట్ల అసెసర్లని పెద్దమనుషులుండేవారు, వాళ్ల మాట జడ్జి వినొచ్చు, వినకపోవచ్చు. అసెసర్లని 1955లో తీసేశారు. జ్యూరీనీ తీసెయ్యమని లా కమిషన్ 1958లోనే చెప్పింది. ఆ మరుసటి ఏడాదే బొంబాయిలో నానావతి కేసు.

1959 ఏప్రిల్ 27న నౌకాదళ కమాండర్ కావస్ నానావతి, తన భార్య ప్రేమించిన ప్రేమ్ ఆహూజాని అతని పడకగదిలో మూడు తూటాలతో కాల్చి, నేరుగా వెళ్లి లొంగిపోయాడు. పెనుగులాటలో తుపాకి పేలిందని డిఫెన్సు. ఆహూజా అప్పుడే స్నానం చేసి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. పెనుగులాటే జరిగితే శవం మీద తువ్వాలు జారకుండా ఎలా ఉంది అని ప్రాసిక్యూషను. కేసు మొత్తం ఆ తువ్వాలు ముడి దగ్గరే ఉంది. కానీ బయట వీధిలో ఇంకో కేసు నడుస్తోంది. ‘బ్లిట్జ్’ వారపత్రిక నానావతిని పరువు కోసం నిలబడ్డ వీరుడిగా నెత్తిన పెట్టుకుంది. పావలా పత్రిక రెండు రూపాయలకి అమ్ముడుపోయింది. ఫుట్‌పాత్‌ల మీద నానావతి బొమ్మ తుపాకులు, ఆహూజా తువ్వాళ్లు అమ్మారు. తొమ్మిది మంది జ్యూరీలో ఎనిమిది మంది నిర్దోషి అన్నారు. సెషన్స్ జడ్జి మెహతా ఆ తీర్పు సబబు కాదని హైకోర్టుకి పంపాడు. హైకోర్టు యావజ్జీవం వేసింది, 1961 నవంబరు 24న సుప్రీంకోర్టు ఖాయం చేసింది. మూడేళ్లకి గవర్నరు క్షమాభిక్షతో ఆయన బయటకొచ్చాడు.

ఇది మన దేశంలో ఆఖరి జ్యూరీ కేసని చాలామంది రాస్తారు. కాదు. కొన్నిచోట్ల ఆ తర్వాత కూడా సాగింది. 1974 ఏప్రిల్ 1 నుంచి అమలైన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడుతోనే పూర్తిగా పోయింది. పార్సీల విడాకుల కోర్టుల్లో మాత్రం ఆ సంఘం ప్రతినిధులు కూర్చునే పద్ధతి మిగిలింది. అయినా జనం మనసులో జ్యూరీని చంపింది నానావతి తువ్వాలే. అంబాసిడర్ థియేటరులో జ్యూరీ కేరెన్ నచ్చక శిక్షించొచ్చు, మర్నాడు మళ్లీ కొత్త జ్యూరీ వస్తుంది, ఆ నటి రెండో పేజీ చెప్పుకుంటుంది. బొంబాయి జ్యూరీ నానావతి నచ్చి ఆయన్ని వదిలింది. అక్కడ రెండో ఆట లేదు. సందేహ లాభం అడిగిన డిఫెన్సుకి ఎనిమిది మంది ఇచ్చింది సందేహం కాదు, ముచ్చట.

రాండ్ నాటకం కూడా మన దగ్గరికి సినిమాగా వచ్చింది. 1989లో అనంత్ బలానీ హిందీలో ‘గవాహీ’ తీశాడు, జీనత్ అమన్ ముద్దాయి. అప్పటికి మన కోర్టుల్లో జ్యూరీ లేదు. సినిమాహాల్లో కూర్చున్న మనిషిని లేపి మెట్లెక్కించే ఉపాయం ఎలాగూ లేదు. దాని ప్రాణమంతా ఉన్న చోటే కత్తి పడింది.

తెలుగులో ఆడదామని నేను మా సమాజం దర్శకుడు గారితో అనకపోలేదు. ఆయన నాకు వరసకి బావ. బీడీ ఆర్పకుండానే, ‘ఒరేయ్ ప్లీడరూ, ముగింపేదో తెలియని నాటకానికి లైట్లవాడికి క్యూ ఎక్కడివ్వమంటావురా? పైగా పన్నెండు మందిని పైకి పిలిస్తే పన్నెండో వాడు మైకు పట్టుకుని నాయకుడు గారికి కృతజ్ఞతలు చెప్పడం మొదలెడతాడు. వాణ్ణి దించేదెవడు, నువ్వా?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

పైగా మనకి ఆ అవసరమూ లేదనుకుంటాను. 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది మా తెనాలిలోనే. అప్పట్నించీ పోటీల హాల్లో రెండు తీర్పులు నడుస్తున్నాయి. ముందు వరసలో చిన్న దీపం పెట్టుకుని మార్కులు వేసే న్యాయనిర్ణేతలది ఒకటి, వెనక బెంచీల వాళ్లది ఒకటి. ఆఖరి రోజు రాత్రి బహుమతులు చదువుతున్నప్పుడు ఆ రెండో తీర్పు ఏమిటో మైకు లేకుండానే వినిపిస్తుంది. నాకు ఉత్తమ ప్రతినాయకుడి బహుమతి ఒకసారి వస్తే వెనకనించి ఎవరో ‘లంచం!’ అని అరిచారు. ఆ గొంతు మా మేనల్లుడిదని నాకు గట్టి అనుమానం, సాక్ష్యం లేదు కాబట్టి సందేహ లాభం ఇచ్చాను.

ఈ తరహా నాటకం ఈ శతాబ్దంలో మళ్లీ లేచింది జర్మనీలో. రాసింది నా వృత్తివాడే, ఫెర్డినాండ్ ఫన్ షీరాఖ్ అనే క్రిమినల్ లాయరు. 2015 అక్టోబరులో బెర్లిన్‌లో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒకే రోజు మొదలైన ‘టెర్రర్’లో ముద్దాయి లార్స్ కోఖ్ అనే యుద్ధ విమాన పైలట్. 164 మందితో వెళ్తున్న విమానాన్ని ఉగ్రవాది హైజాక్ చేసి, 70,000 మంది ఫుట్‌బాల్ చూస్తున్న స్టేడియం మీదికి తిప్పాడు. పై నుంచి ఉత్తర్వు లేకుండానే కోఖ్ దాన్ని కూల్చేశాడు. ఇందులో పన్నెండు మంది కాదు, హాలంతా జ్యూరీ. విరామంలో ఓటేసి వస్తారు, తర్వాత జడ్జి వాళ్ల తీర్పే చదువుతాడు. ఇక్కడా రెండు ఆఖరి పేజీలే. కానీ రాండ్ తక్కెడ ఇక్కడ లేదు. కోఖ్ ఏం చేశాడో అందరికీ తెలుసు, అతనే ఒప్పుకుంటాడు. ప్రశ్నల్లా అది నేరమా కాదా అన్నదే. దానికి జర్మనీలో నిజం కోర్టు ముందే జవాబు చెప్పింది: 2006 ఫిబ్రవరి 15న, అలాంటి విమానాన్ని కూల్చడానికి అనుమతించే చట్టాన్ని రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. కొందరి ప్రాణాల్ని ఇంకొందరి ప్రాణాలతో తూచడం మనిషి మర్యాదకి విరుద్ధం అంది.

ఒక ప్లీడరుగా నాకున్న అభ్యంతరం, అక్కడి న్యాయకోవిదులు కూడా ఎత్తినదే. జర్మన్ చట్టంలో పని తప్పు కావడం వేరు, చేసిన మనిషిని ఆ తప్పుకి శిక్షించాలా అన్నది వేరు. చేసింది తప్పే, కానీ ఆ పరిస్థితిలో మనిషిని దోషి అనలేం అనే మూడో దారి ఉంది. షీరాఖ్ ఆ దారికి తలుపు పెట్టలేదు. రెండే పెట్టాడు. హాలుకి వచ్చినవాడు రెంట్లో ఒకటి దూరాల్సిందే.

2016 అక్టోబరు 17 రాత్రి అది టీవీ సినిమాగా ప్రసారమైంది. జర్మనీలో జనం ఫోన్లలో, ఇంటర్నెట్లో ఓటేశారు. 86.9 శాతం నిర్దోషి అన్నారు. వెంటనే అదే చానల్లో చర్చ. అందులో కూర్చున్నవాళ్లలో గెర్హార్ట్ బౌమ్ ఒకడు, మాజీ హోం మంత్రి. 2006లో రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లి ఆ చట్టాన్ని కొట్టేయించిన వాళ్లలో ఆయనున్నాడు. కోర్టులో గెలిచిన కేసుని పదేళ్ల తర్వాత స్టూడియోలో నూటికి ఎనభై ఏడు మంది చేతిలో ఓడి, ఆయన మళ్లీ మొదటినుంచి వాదించడం మొదలుపెట్టాడు.